తరగతి గదిలో తెర: ఒక సమీక్ష

2004 సెప్టెంబరు 20వ తేదీన శ్రీహరికోటనుండి జి.ఎస్.ఎల్.వి. వాహనముపై ఎగసిన ఎడ్యుశాట్, కేవలము విద్యాబోధనకొరకే మన దేశము నిర్మించుకొన్న మొదటి ఉపగ్రహ మగుటచే, మారుమూల పల్లెబడిలో కూర్చున్న పిల్లవానికి రాజధానిలోని మేటి అధ్యాపకుని పాఠము నేరుగా అందునని ఆనాడు పలువురు ఆశించిరి. పులికాటు సరస్సున కీవల సూళ్లూరుపేటయు, దాని కుత్తరముగా రైలుదారిమీద నాయుడుపేటయు మిద్దెలెక్కి రాకెట్టు పొగచారను చూచుట కలవాటుపడిన ఊళ్లు. ఆకాశమున కెక్కిన ఆ పాఠములో ఈ ఊళ్ల బడులకు దిగివచ్చిన దెంత, దిగివచ్చినదానిలో పిల్లవానికి తలకెక్కిన దెంత అను ప్రశ్న మాత్రము, 2010లో ఎడ్యుశాట్ సేవ ముగిసిన తరువాత గూడ, అట్లే నిలిచియున్నది. కంప్యూటరు గదులకు, స్మార్ట్ టీవీలకు, ట్యాబులకు, యాప్‌లకు అన్నింటికిని అదే ప్రశ్న వర్తించును గనుక, వేర్వేరు కాలములందు వేర్వేరు ప్రభుత్వములు తెచ్చిన ఈ ఉపకరణముల నన్నింటిని ఒక్కచో నిలిపి పరిశీలించుట అనుచితము గాదు.

నాయుడుపేటను కేంద్రముగా గైకొనుటకు కారణము కలదు. స్వర్ణముఖి యొడ్డున, చెన్నై-కోల్‌కతా రహదారిమీద, చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లాలో చేరిన ఈ పట్టణము మహానగరమును గాదు, మన్యమును గాదు. మేనకూరు పారిశ్రామికవాడలో షిఫ్టులకు పోవు తల్లిదండ్రుల పిల్లలు, వరిపొలములను కౌలుకు చేయువారి పిల్లలు, తూర్పున సరస్సునే నమ్ముకొన్న మత్స్యకారుల పిల్లలు, చెరువుకట్టల ప్రక్కనున్న యానాది గూడెముల పిల్లలు ఈ సీమలోని బడులకు వచ్చుచుందురు. వీరిలో కొందరి యింట రెండేసి సెల్‌ఫోన్లుండగా కొందరి యింట కరెంటు దీపమే నిలకడగా వెలుగదు. ఇట్టి తరగతిలో ఒకే పాఠమును ఒకే వేగముతో ఒకే తెరపై చూపిన, అది యెవరికి చేరునో యెవరిని దాటిపోవునో తెలిసికొనుటకు పెద్ద పరిశోధన అక్కరలేదు. వెనుక బల్లమీద కూర్చున్నవాని ముఖము చూచిన చాలును. ట్యాబు మంచిదా చెడ్డదా యని వాదించుటకంటె, ఆ నలుబది నిమిషముల పీరియడులో అయ్యవారికిని పిల్లవానికిని నడుమ అది యేమి మార్పు తెచ్చుచున్నదని విచారించుట ఉచితమని నా అభిప్రాయము. ఈ సమీక్షకంతటికి అదే కొలమానము.

బడికి ఉపకరణము కొత్త గాదు. వీథిబడిలో పిల్లవాడు ఇసుకమీద వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దపిల్లవాడు చిన్నవానికి పాఠము చెప్పుట అను ఆచారములను చెన్నపట్నమున కన్నులార చూచిన ఆండ్రూ బెల్, 18వ శతాబ్ది చివర ఎగ్మూరులోని అనాథబాలుర శాలలో ఆ పద్ధతిని నెలకొల్పి, పిమ్మట ఇంగ్లండునకు గొనిపోగా అది మద్రాసు పద్ధతి యను పేర అక్కడ ప్రసిద్ధి కెక్కినది. 1822లో సర్ థామస్ మన్రో ఆజ్ఞపై చెన్నరాజధాని అంతటను జరిగిన విచారణలో 12,498 బడులు లెక్కకు వచ్చినవి. ఆ విచారణకు సమాధానముగా 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదిక నేటికిని చదువదగినది. ఇసుకపై వ్రాతలోని పొదుపును, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుటలోని ఉపాయమును ఆయన మెచ్చుకొనుచునే, పిల్లలచే వల్లె వేయించు పద్యముల భాష వారికి తెలియనిదనియు, అర్థముతో పనిలేక నోరు మాత్రము తిరుగుచున్నదనియు ఆక్షేపించెను. సాధనము చవుక, పద్ధతి తెలివైనది, పాఠ్యము మాత్రము పిల్లవానికి అందనిది — రెండువందల యేండ్లనాటి ఈ తీర్పు నేటి యాప్‌లలో అనేకములకు ఒక్క అక్షరము మార్చకుండ సరిపోవునని చెప్పుటకు నేను సందేహింపను. ఇసుక పోయి మార్కాపురము రాతిపలక వచ్చినది, దాని వెంట బలపము వచ్చినది. పలకకున్న గొప్ప సుగుణమేమన, తప్పు వ్రాసిన వెంటనే తుడిచి మరల వ్రాయవచ్చును, ఆ తప్పు నెవరును ఎక్కడను దాచిపెట్టరు.

యంత్రముల వంతు ఇరువదవ శతాబ్దిలో వచ్చినది. రేడియో పాఠములను విడిచి, వాటికంటె సాహసమైన ప్రయత్నమునే చూతము. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు సరిగా ఒక సంవత్సరము, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహమును ఎరవు తెచ్చుకొని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు మన దేశము టెలివిజన్ ప్రసారములు నడిపినది. సైట్ అని పేరు గాంచిన ఆ ప్రయోగములో ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము ఊరివారికి కార్యక్రమములుండెడివి. ప్రపంచమున అంతకుముందు ఎవరును అంత విస్తృతముగా అట్టి పని చేయలేదు. కాని గడువు తీరగానే ఉపగ్రహము సొంతదారుల చేతికి మరలిపోయినది. బడులలో బిగించిన పెట్టెలు మూగవోయినవి. ఎరవు తెచ్చిన పాఠమునకు ఎరవిచ్చినవాడే ఆయుష్షు నిర్ణయించునను ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలసినదిగా కోరుచున్నాను, మరల పనిబడును.

1984లో కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకముక్రింద కొన్ని ఉన్నత పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను పంపినది. 1987లో నల్లబల్ల పథకము ప్రాథమిక పాఠశాలలకు పటములను, పరికరముల పెట్టెలను పంపినది. తరువాత మన టీవీ యను ఉపగ్రహ వాహిని హైదరాబాదునుండి పాఠములు ప్రసారము చేసినది. 2008 ప్రాంతమున వేల ఉన్నత పాఠశాలలలో కంపెనీలచే కంప్యూటరు గదులను కట్టించి, ఐదేండ్లు వారిచేతనే నడిపించి, పిదప బడులకు అప్పగించు ఒప్పందము నడచినది. గడువు ముగిసిన వెనుక కంప్యూటర్లు మిగిలినవి, వాటిని నేర్పు శిక్షకుడు మాత్రము మిగులలేదు. 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదలయిన ఆకాశ్ ట్యాబుల తొలి విడత మన హైదరాబాదులోనే కూర్పబడినదని చెప్పుకొని సంతసించితిమి గాని, ఆ పరికరము పనితనము ఆ సంతోషమునకు తగినట్లుండలేదు.

ఇంతవరకు జరిగినదంతయు పీఠిక. 2019 నవంబరు 14వ తేదీన మొదలైన నాడు-నేడు పథకముతో ఆంధ్రప్రదేశ్ బడులలోనికి తెర వచ్చిన తీరు వేరు. ఆ పథకపు తొలి విడతలో 15,700 పైచిలుకు బడులను బాగుచేయగా, తదుపరి ఉన్నత పాఠశాలల గదులలో నల్లబల్ల ప్రక్కనే వ్రేలితో తాకి వ్రాయదగిన పెద్ద ఐ.ఎఫ్.పి. తెరలు, ప్రాథమిక పాఠశాలలలో స్మార్ట్ టీవీలు బిగింపబడినవి. 2022 జూన్‌లో బైజూస్ సంస్థతో ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది. అదే సంవత్సరము డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ముఖ్యమంత్రి చేతులమీదుగా ట్యాబుల పంపిణీ ప్రారంభమైనది. 8వ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి 5,18,740 ట్యాబులు, వాటి విలువ 686 కోట్ల రూపాయలని ప్రభుత్వము ప్రకటించినది. మరుసటి యేడు అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ విడత మొదలైనది. పాఠములు ముందుగానే పరికరమున నింపియుండుటచే ఇంటర్నెట్టు లేకున్నను చూడ వీలుండెడిది. 9, 10 తరగతులలో గూడ అదే ట్యాబు వాడుకొన వీలుండెడిది. ఊహలో లోపము లేదు. పేదవాని బిడ్డకును ధనికుని బిడ్డకును ఒకే పాఠము అను సంకల్పమును ఎద్దేవా చేయువారితో నేను ఏకీభవింపను.

అయితే ఆ పాఠములు ఎవరివి? తన సొంత వ్యాపారముకొరకు, నగరములలో డబ్బు చెల్లించి కొనుగోలు చేయు కుటుంబముల పిల్లలకొరకు, మాటలాడు బొమ్మలతో దృశ్యములను నిర్మించిన సంస్థవి. వాటిని ఉచితముగా ఇచ్చితిమని సంస్థ చెప్పినది, ఉచితముగా వచ్చినవని ప్రభుత్వము చెప్పినది. 2024 జులై 16వ తేదీన బెంగళూరులోని కంపెనీ లా ట్రైబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియను అనుమతించినది. అంతకు నెల ముందే రాష్ట్రమున ప్రభుత్వము మారియున్నది. ట్యాబుల పంపిణీ ఆగినది. 1976లో ఉపగ్రహము మరలిపోయినపుడు పల్లెబడికి పట్టిన గతి, వేరొక రూపమున, పునరావృత్తమైనది. పాఠ్యపుస్తకమును ప్రభుత్వమే వ్రాయించి, అచ్చొత్తించి, తప్పులున్న దిద్దించి, ప్రతి యేడు పంచుచుండగా, దానికి ప్రాణమనుకొన్న దృశ్యపాఠమును మాత్రము పరుల సొత్తుగా విడిచిపెట్టుట యేల యని ఆనాడు ఎవరైన అడిగియుండిన బాగుండెడిది.

ఇక పిల్లలు నేర్చుకొన్నదానికి వత్తము. ఈ విషయమున ప్రపంచములోని పలుచోట్ల జరిగిన పరీక్షల ఫలితములు ఒకదానితో నొకటి పోట్లాడుచున్నట్లు పైకి కన్పట్టును. పెరూ దేశమున 319 గ్రామీణ పాఠశాలలను తీసికొని, పిల్లవానికొక లాప్‌టాప్ చొప్పున పంచినచోట్లను పంచనిచోట్లను పోల్చిచూడగా, గణితమునందును భాషయందును తేడా కనబడలేదు. గుజరాతులో లీ లిండెన్ చేసిన పరిశోధన మరింత ఆశ్చర్యకరమైనది: అదే కంప్యూటరు, అదే గణిత కార్యక్రమము, బడివేళలో అయ్యవారి పాఠమునకు బదులుగా నడిపినచోట పిల్లల మార్కులు తగ్గినవి, బడి ముగిసిన తరువాత అదనముగా నడిపినచోట పెరిగినవి. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, ఆలెహాండ్రో గానిమియన్‌లు మైండ్‌స్పార్క్ అను కార్యక్రమమును పరీక్షించి 2019లో ప్రకటించిన వ్యాసమున, నాలుగున్నర నెలలలోనే 6 నుండి 9వ తరగతివరకు చదువు పిల్లలు గణితమునందును హిందీయందును గణనీయముగా ముందుకు వచ్చిరని తేలినది. ఆ పరిశోధనలోనే మరొక చేదు సత్యము వెలువడినది: 6వ తరగతి పిల్లవాడు గణితమున సగటున రెండున్నర తరగతుల వెనుకనున్నాడు, 9వ తరగతికి వచ్చుసరికి ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులైనది.

ఈ పరీక్షలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, వాటి పోట్లాట ఒట్టి భ్రమ యని తెలియును. యంత్రమును చేతికిచ్చి విడిచినచోట ఫలము శూన్యము. యంత్రమును గురువు స్థానమున కూర్చుండబెట్టినచోట నష్టము. పిల్లవాడు వాస్తవముగా ఏ మెట్టుమీద నున్నాడో కనుగొని, ఆ మెట్టునుండి లెక్కలిచ్చి, తప్పు చేసిన మరల చేయించినచోట లాభము. ఢిల్లీ కేంద్రములలో గూడ ఒక వంతు సమయము కంప్యూటరుముందు గడచిన, ఇంకొక వంతు చిన్న జట్లుగా కూర్చుండి మనిషివద్ద నేర్చుకొనుటలో గడచినదని మరువరాదు. ఎనిమిదవ తరగతిలో కూర్చున్న యానాది బాలునికి మూడవ తరగతి భాగహారము రాని స్థితిలో, ఎనిమిదవ తరగతి బీజగణితమును ఎంత అందమైన బొమ్మలతో చూపినను అది వానికి సినిమా యగును గాని పాఠము గాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడవ మార్గము గూడ నడచినదని చాలమందికి తెలియదు. సభలు లేక, వేదికలు లేక, కొన్ని వందల ప్రభుత్వ పాఠశాలలలో ట్యాబులను ఒక గదిలోనే ఉంచి, వారమునకు కొన్ని పీరియడ్లు పిల్లలను అక్కడికి పిలిచి, ఒక్కొక్కని స్థాయిని బట్టి అభ్యాసములిచ్చు పద్ధతిని సమగ్రశిక్ష విభాగము కన్వేజీనియస్ సంస్థ సహాయముతో నడిపినది. అర్థశాస్త్రమున 2019లో నోబెల్ బహుమతి పొందిన మువ్వురిలో నొకడైన మైఖేల్ క్రెమర్ బృందము దీనిని పరీక్షించి, ఫలితములు ప్రోత్సాహకరములని చెప్పినది. ఒకే రాష్ట్రమున, దాదాపు ఒకే కాలమున రెండు ట్యాబు పథకములు నడచినవి: ఒకటి ఇంటికి పోయినది, ఒకటి బడిలో నిలిచినది. ఇంటికి పోయినదానికి వందలకోట్లు, వార్తాపత్రికల మొదటిపుటలు. బడిలో నిలిచినదానికి అధికారుల దస్త్రములు. దేనివలన పిల్లవాడు ఎక్కువ నేర్చెనను విచారణ ఆ హోరులో వినబడలేదు.

ఇచ్చట కరెంటు ప్రసక్తి లేని ఒక ప్రయత్నమును చెప్పక తప్పదు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ పాఠశాల ఆశ్రయమున పద్మనాభరావు, రమ దంపతులు, చుట్టుపట్ల పల్లెలలోని ఏకోపాధ్యాయ శాలలకొరకు, అట్టకార్డులపై పాఠమును చిన్న చిన్న మెట్లుగా విభజించి, గోడపై నిచ్చెన పటమును గీసి, పిల్లవాడు తాను నిలిచిన మెట్టు నెరిగి తరువాతి కార్డును తానే తీసికొనునట్లు, అయిదు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఐదు వేగములతో చదువుకొనునట్లు ఒక పద్ధతిని రూపొందించిరి. అదే 2003 ప్రాంతమున చెన్నై నగరపాలక పాఠశాలలకు పోయి, అచ్చటినుండి తమిళనాడంతట వ్యాపించినది. స్థాయిని గుర్తించుట, వేగమును పిల్లవానికే విడుచుట, తప్పును వెంటనే చూపుట అని నేడు యాప్ కంపెనీలు తమ ఘనతగా చెప్పుకొను మూడు గుణములును ఆ అట్టపెట్టెలో నున్నవి. ఈ మాట చెప్పుట ట్యాబును తక్కువ చేయుటకు గాదు. కార్డులు చిరుగును, కలిసిపోవును. నలుబదిమంది తప్పులను రాత్రి కూర్చుండి లెక్కవేయుట ఏ అయ్యవారికిని సాధ్యము గాదు. ఆ పని యంత్రమునకు క్షణకాలము. కాని పద్ధతి ముందు పుట్టినది, యంత్రము దానికి సేవకుడుగా తరువాత రావలెనను క్రమము మాత్రము ఋషివ్యాలీ మనకు నేర్పిన విషయము.

భాష సంగతి వేరుగా చెప్పవలసియున్నది. ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము వచ్చిన తరువాత, పాఠ్యపుస్తకములలో ఎడమపుట ఒక భాష కుడిపుట ఒక భాషగా ఎదురెదురుగా అచ్చువేయు పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రవేశపెట్టినది. ఈ మధ్యకాలమున విద్యాశాఖ చేసిన పనులలో నేను మనసార మెచ్చుకొనునట్టి దిది. తెరలకు మాత్రము ఈ ఉపాయము సరిగా అబ్బలేదు. యాప్‌లలోని తెలుగు చాలచోట్ల ఆంగ్లవాక్యమును మాటకు మాటగా దించిన తెలుగు. అట్టి వాక్యమును నాయుడుపేట పిల్లవాడు రెండుమారులు చదివి, మూడవమారు ఆంగ్లమే మేలని అటు తిరుగును, అక్కడను అర్థము గాక ఊరకుండును. పొరుగున తమిళదేశముండుటచే ఆ మాటల చాయ సోకిన నెల్లూరిసీమ పలుకును, పులికాటు పట్టపు మత్స్యకారుల పిల్లల పలుకును కంపెనీ స్టూడియోలోని కంఠమెరుగదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరచిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు చాల కలవు, ఎవరైనను ఉచితముగా తీసికొని తిరిగి వ్రాసికొనవచ్చును; 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదికవలన పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడును ఫోనుతో చూపి పాఠపు దృశ్యమును పొందవచ్చును. వీటిలో ఉపాధ్యాయులు తాము చేసిన పాఠములు గూడ చేరుటయే నాకు నచ్చిన అంశము. తన మండలపు పిల్లలు ఎక్కడ తడబడుదురో ఎరిగిన టీచరమ్మ ఫోనుతో చిత్రించిన పది నిమిషముల పాఠము, వెలుగు సరిగా లేకున్నను, వెనుక కోడి కూసినను, నా దృష్టిలో స్టూడియో పాఠముకంటె విలువైనది.

ఇంటివద్ద తెర ఏమి చేయుచున్నది? 2020 మార్చిలో బడులు మూతపడినపుడు సప్తగిరి వాహినిలో పాఠములు వచ్చినవి, వాట్సప్ గుంపులలో హోంవర్కులు వచ్చినవి. ఇంటిలోని ఒక్క ఫోను తండ్రి వెంట పనికి పోయిన దినములలో అవన్నియు వచ్చియు రానట్లే యైనవి. ఆ కాలమునుండి ఫోను పిల్లల చేతికి అలవాటైనది. గ్రామీణ విద్యాస్థితిని తెలుపు అసర్ నివేదిక 2024 సంవత్సరపు ప్రతి ప్రకారము, దేశమున 14 నుండి 16 ఏండ్ల గ్రామీణ బాలబాలికలలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట తెలియును. వారిలో అంతకుముందు వారమున చదువు సంబంధమైన పనికి దానిని వాడినవారు నూటికి 57 మంది, సోషల్ మీడియాకు వాడినవారు 76 మంది. బడి ట్యాబులలో ఇతర యాప్‌లు తెరువరాదని తాళము వేసిన, ఆ తాళము తీయు మార్గమును పదమూడేండ్ల పిల్లలు పెద్దలకంటె ముందే కనిపెట్టుట ఊళ్లలో అందరెరిగిన ముచ్చటయే. దానికి పిల్లలను నిందించి ప్రయోజనము లేదు. ఇంట ట్యాబు తెరచి కూర్చున్నవానికి ఈ లెక్క యేల తప్పినదని చెప్పువారు లేనపుడు వాడు ఆటలోనికి జారుట సహజము.

అయ్యవారి చేతిలోని తెర కథ ఇంతకంటె విచారకరము. బోధనకు తోడ్పడు సాధనముగా రావలసిన ఫోను మన ఉపాధ్యాయులకు మొదట నిఘా సాధనముగా వచ్చినది. 2022 ఆగస్టునుండి ముఖము చూపి హాజరు వేయు యాప్. మధ్యాహ్నభోజనపు ఫోటో ఒక యాప్‌లో, మరుగుదొడ్ల ఫోటో ఒక యాప్‌లో, కోడిగ్రుడ్ల లెక్క, చిక్కీల లెక్క, ఏకరూప దుస్తుల కొలతలు, బూట్ల కొలతలు. ప్రార్థన ముగిసిన వేళ సిగ్నలుకొరకు ఆవరణలో చెట్టుక్రింద చేయెత్తి నిలిచిన ప్రధానోపాధ్యాయుని చూచినవారికి, సర్వర్ డౌన్ అను మాట ఎందుకంత త్వరగా తెలుగు పలుకుబడిలో చేరినదో బోధపడును. ఉపాధ్యాయ సంఘములు ఆందోళన చేసినవి. మరుగుదొడ్ల ఫోటోలు పోయినవి. 2025లో పలు యాప్‌లను కలిపి లీప్ అను ఒక్క యాప్‌గా చేసిరి. అది మేలే. కాని యాప్‌ల సంఖ్య తగ్గుట వేరు, యాప్ యెవరికొరకని అడుగుట వేరు. ఆ ఫోనే, నిన్నటి పరీక్షలో ఎనిమిదవ తరగతి బి సెక్షనులో పదునేడుగురు భిన్నముల కూడికలో ఒకే పొరపాటు చేసిరని ఉదయము పూట తెలుపగలిగిన, ఏ అయ్యవారును దానిపై విసుగుకొనడు. సమాచారము బడినుండి పైకి పోవుటకు వేసిన దారి విశాలముగా నున్నది. పైనుండి తరగతి గదికి పనికివచ్చు రూపమున తిరిగివచ్చు దారి ఇంకను కాలిబాటయే.

ఇన్ని చెప్పిన తరువాత, మంచి ఉపాధ్యాయుని చేతిలో ఐ.ఎఫ్.పి. తెర ఎట్లు శోభించునో చెప్పకున్న అన్యాయము చేసినవాడనగుదును. త్రిభుజపు శీర్షమును వ్రేలితో పట్టి లాగుచు, ఆకారము మారుచున్నను మూడు కోణముల మొత్తము మారకుండుటను జియోజీబ్రాలో చూపినపుడు, నల్లబల్లపై పది పటములు గీచినను రాని నమ్మకము పిల్లవానికి ఒక్క క్షణమున కలుగును. గుండె కవాటములు తెరచుకొని మూసికొనుట, పటములో కదలని నది వరదనాడు దారి మార్చుట, సూళ్లూరుపేట దాటిన వెంటనే కనబడు రాకెట్టు మోసికొనిపోయిన ఉపగ్రహము కక్ష్యలో తిరుగుట — ఇవి చలనముతోగాని తెలియని విషయములు. వీటికి తెరకు మించిన సాధనము లేదు. అయ్యవారు దృశ్యమును నడుమ ఆపి, "తరువాత ఏమగును రా, చెప్పు" అని అడిగినచోట అది పాఠము. మొదటినుండి చివరివరకు ఆడించి, ఆ వ్యవధిలో రిజిస్టరు పూర్తిచేసికొన్నచోట అది కాలక్షేపము. స్వీడన్ వంటి సంపన్న దేశము 2023లో తెరలను తగ్గించి అచ్చుపుస్తకములను మరల కొనుటకు నిధులు కేటాయించినదని మనవారు కొందరు ఉత్సాహముగా ఉదాహరింతురు గాని, పిల్లవానికి చదువుకొన కథల పుస్తకములు పుష్కలముగా నున్న దేశమును, గ్రంథాలయపు బీరువాకు తాళము తీయని మన బడులను ఒక త్రాసున తూచరాదు. మనకు పుస్తకమును కావలెను, తెరయు కావలెను. రెండింటికిని గది కావలెను, ఆ గదిలో సమయము చిక్కిన మనిషి కావలెను. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చూచుకొను పల్లెబడిలో ఆ మనిషికి సమయము చిక్కించుటకే యంత్రమును వాడుట ఇంకను మనము సరిగా ప్రయత్నింపని మార్గము.

తక్షణము చేయదగిన పని ఒకటి కలదు. 2022 డిసెంబరులో ట్యాబు పొందిన ఎనిమిదవ తరగతి పిల్లలు 2025 మార్చిలో పదవ తరగతి పరీక్షలు వ్రాసిరి. మరుసటి యేటివారి పరీక్షలు 2026 మార్చిలో వచ్చినవి. లక్షల సంఖ్యలో పరికరములు ఇండ్లలో అలమరలమీదను, తమ్ముల చేతులలోను, పగిలిన తెరలతో దుకాణములలోను ఉన్నవి. వీటిలో పనిచేయుచున్నవాటిని, ఇచ్చుటకు ఇష్టపడిన కుటుంబములనుండి మండలమువారీగా సేకరించి, ఇరువదేసి చొప్పున ప్రాథమికోన్నత పాఠశాలలలో నుంచి, స్థాయినిబట్టి లెక్కలిచ్చు పద్ధతిని, తెలుగు కథలు చదివించు పద్ధతిని అక్కడ నడుపవచ్చును. కొత్తగా కావలసినవి ఛార్జింగు బీరువాయును మరమ్మతులకు ఒక మనిషియును. ఈశాన్య ఋతుపవన దినములలో కరెంటు పోయి తుఫాను సెలవులు వచ్చు ఈ తీరమున ఒక చిన్న సోలారు పలకయు అవసరపడును. పాఠ్యము ప్రభుత్వ సొత్తుగా నుండవలెననియు, ఉపాధ్యాయులే దానిని దిద్దుకొనగలుగవలెననియు వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి అడ్డువచ్చునది డబ్బు గాదు, స్టాకు రిజిస్టరు. నల్లబల్ల పథకపు పరికరముల పెట్టెలనాటినుండి, వస్తువు పగిలిన తన జీతమున కోత పడునను భయముతో, బదిలీ నాడు లెక్క అప్పగింపలేనను భయముతో, ప్రధానోపాధ్యాయులు ఉపకరణములను బీరువాలోనే భద్రముగా నుంచుట మన బడులందు వాడుక. కొందరి పదవీవిరమణవరకు గూడ ఆ పెట్టెల సీళ్లు తెగలేదని చెప్పుకొందురు. పిల్లల చేతులలో నలిగిన ట్యాబు నలుగును. ఏటా నూటికి పది పగులును, అరుగును, పోవును అనుకొందము. ఆ పదింటిని ఎవరి సంజాయిషీ లేకుండ కొట్టివేయుటకు ప్రధానోపాధ్యాయునకు అధికారమిచ్చు ఒక ఉత్తరువు, రెండు వాక్యములు, ఇంకను వెలువడవలసియున్నది.